నన్నే ఎందుకు ఎంచుకున్నారు

జూన్ 4

పిడుగూ,

నిలబడి ఉంటే ముందు కూర్చో. నీ పేషెంటు కుర్చీలోనైనా సరే, కూర్చున్నాకే చదువు.

నిన్న పొద్దున మీ బావ గొట్టం పట్టుకుని మొక్కలు తడుపుతుంటే గేటు ముందు ప్రభుత్వం కారు ఆగింది. దిగిన అధికారులిద్దర్నీ చూసి, ఇంటి పన్ను కట్టడం మరిచామేమో అనుకున్నాను. వాళ్లు వచ్చింది నన్ను చట్టసభ సభ్యుల జీతాల సమీక్ష కమిషన్‌కి అధ్యక్షురాలిగా ఉండమని అడగడానికట! రిటైరయ్యాక నన్ను తలుచుకుంటున్న ప్రభుత్వ శాఖ నీళ్ల బిల్లు పంపేది ఒక్కటే.

"మా జీతాలు మేమే పెంచుకుంటున్నామని జనం దుమ్మెత్తిపోస్తున్నారు కదండీ. అందుకే ఈసారి బయటివాళ్లతో, పూర్తి స్వతంత్రంగా చేయిస్తున్నాం" అన్నాడు పెద్దాయన. కార్మిక న్యాయస్థానంలో అన్నేళ్లు జీతాల తగాదాలు తీర్చినదాన్ని కాబట్టి నాకంటే తగినవాళ్లు లేరట.

"ఇంత రాయండి, అంత రాయండి అని నాకెవరైనా ఫోన్లు చేస్తారా?" అని అడిగాను.

"ఒక్కరూ చెయ్యరు మేడమ్, మాది హామీ."

అదే సమయానికి మీ బావ గొట్టం పక్కకి తిరిగి ఆయన బూట్లు రెండూ తడిసిపోయాయి. చూసుకోలేదంటారు. నేను నమ్మను.

ఒప్పుకున్నాను. నాకు పార్టీ లేదు, ఎవరి దయా అక్కర్లేదు, ఎవరికీ భయపడాల్సిన వయసూ దాటిపోయింది. నన్నెవరు వంచగలరు చెప్పు? ఫోన్లో చెబుదామంటే నా చెవి సంగతి నీకు తెలిసిందే. మిషను పెట్టుకున్నా నీ గొంతు ప్రెషర్ కుక్కర్ ఈలలాగే వినపడుతుంది. అందుకే మన పాత పద్ధతిలో ఉత్తరం.

మరదల్ని అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ అక్క


జూన్ 11

జడ్జి అక్కకి,

నీ ఉత్తరం పేషెంటు కుర్చీలోనే కూర్చుని చదివాను. సంగతి విని నీ మరదలు వేసిన కేకకి, బయట పన్ను పీకించుకోవడానికి కూర్చున్న పెద్దమనిషి నొప్పి తగ్గిపోయిందని చెప్పి లేచి వెళ్లిపోయాడు.

నాకు గర్వంగా ఉంది. కంగారుగానూ ఉంది. నా క్లినిక్ ఉన్నది సభ్యుల క్వార్టర్ల కింద షాపుల వరసలో అని నీకు తెలుసు కదా. నిన్నటిదాకా నా మొహం చూడనివాళ్లు కూడా ఇవాళ మెట్లు దిగుతూ "డాక్టరుగారూ, బాగున్నారా" అంటున్నారు. నేను బాగానే ఉన్నాను, వీళ్లకే ఏదో అయింది.

ఇంకోపక్క ప్రభుత్వాసుపత్రి నర్సులు ఇంక్రిమెంట్ల కోసం రోడ్డు మీద కూర్చున్నారు. నీకు చిన్నప్పటి నుంచీ ఒక మాట ఉంది, మనిషికి చాలీచాలని జీతమిచ్చి పెద్ద కుర్చీలో కూర్చోబెడితే, ఆ కొరత తీర్చేవాడు వెతుక్కుంటూ వస్తాడని. అది నిజమే కావచ్చు. కానీ ఇప్పుడు బయట ఆ మాటంటే కొడతారు. నువ్వు పెంచితే జనం నా క్లినిక్ అద్దాలు పగలగొడతారు, పెంచకపోతే మేడ మీది పేషెంట్లు రావడం మానేస్తారు. నా పొట్ట మీద కొట్టకుండా ఏదైనా దారి చూడు తల్లీ!

బావకి చెప్పు, ఈసారి గొట్టం ఇంకాస్త పైకి పట్టుకోమని.

నీ
పిడుగు


జూలై 2

పిడుగూ,

పొట్ట మీద కొట్టొద్దని రాశావు. వేళాకోళానికే రాశావని తెలుసు. అయినా అలా రాయకు. ఈ కుర్చీలో ఉన్నన్నాళ్లు నీ వేళాకోళం కూడా నాకు సిఫార్సులాగే వినిపిస్తుంది. అందుకే రోజూ అంత దగ్గరికి వస్తున్నా, ఈ పని అయ్యేదాకా నీ క్లినిక్ గుమ్మం తొక్కను, ఉత్తరాలే.

మా ఆఫీసు ఎక్కడనుకున్నావు? చట్టసభ భవనం వెనక కొత్తగా కట్టిన విభాగంలో, రెండో అంతస్తు. కార్పెట్‌కి ఇంకా జిగురు వాసన పోలేదు. కిటికీ తెరిస్తే సభ్యుల కార్లు ఆగే చోటు కనిపిస్తుంది. కమిషన్‌లో మేం ముగ్గురం. నేను, ఒక రిటైర్డ్ ఆడిటరు, ఒక కాలేజీ ప్రిన్సిపాలు. మాకు కార్యదర్శిగా చట్టసభలో పనిచేసే అధికారినే ఇచ్చారు. మొదటి రోజే టీ పోస్తూ ఆయన ఎంత అమాయకంగా అన్నాడో విను.

"సభ్యులకి పెరిగితే మాకూ అదే దామాషాలో పెరుగుతుందండీ. మా జీతాలు వాళ్లవాటికి ముడిపెట్టారు."

కప్పు కింద పెట్టేశాను. ఆడిటరు నవ్వి, "మరి కార్యదర్శులు ఆకాశం నుంచి ఊడిపడతారా మేడమ్?" అన్నాడు. నేను నవ్వలేదు. ఈయన్ని మార్చమని అడిగాను. మార్చారు. ఎవర్నిచ్చారు? అదే ఆఫీసులో పక్క టేబులు ఆయన్ని! ఆ ఆవరణలో ఉప్పు తింటున్నవాళ్లెవరూ ఈ కమిషన్ దరిదాపుల్లో ఉండటానికి వీల్లేదని గట్టిగా చెప్పి వచ్చాను.

ఇంకో సంగతి. మేం చూడాల్సింది మూల జీతం మాత్రమేనట. ఇంటి అద్దె, వాహనం, రోజువారీ భత్యాలు మా పరిధిలోకి రావట. "ఎందుకు రావు?" అంటే, "రావండీ" అన్నారు. అంతే జవాబు.

అయితే ఇక్కడ నన్ను కదిలించిన మనిషీ ఉంది. మొదటిసారి గెలిచిన సభ్యురాలు, ఇంతకుముందు బడిలో పాఠాలు చెప్పేదట. అందరూ టీచరమ్మ అంటారు. మా ముందుకొచ్చి తలుపు వేసి మరీ మాట్లాడింది.

"మా ఊళ్లో ఎవరింట్లో ఆసుపత్రి ఖర్చొచ్చినా నా దగ్గరికే వస్తారమ్మా. లేదని ఎలా పంపను? ఒకసారి నా దగ్గర లేకపోతే రోడ్ల కాంట్రాక్టరు ఇచ్చాడు. పోయిన నెల ఆయనకి లాభించే చట్టం బిల్లు ఒకటి సభకి వచ్చింది. చెయ్యెత్తమన్నారు."

"ఎత్తారా?"

"ఎత్తానమ్మా" అని ఏడ్చేసింది.

ఇన్నేళ్లూ నేను ఊరికే అంటూ వచ్చిన మాట ఎదురుగా కూర్చుని కళ్లు తుడుచుకుంటోంది. జీతం పెంచాల్సిందేనని నాకు అనిపిస్తోంది పిడుగూ. ఒక్కరు కూడా నాకు ఫోన్ చెయ్యలేదు, ఒక్క మాట చెప్పలేదు. ఇది నా సొంత నిర్ణయమే.

అక్క


జూలై 15

అక్కకి,

నీ ఉత్తరం నీ మరదలికి చదివి వినిపించాను. ఒక చోట మాత్రం ఆగి మళ్లీ చదివాను. ఆవరణలో ఉప్పు తింటున్నవాళ్లని రాశావు. నా క్లినిక్ కూడా ఆ ఆవరణలోని క్వార్టర్ల కిందే ఉందక్కా. నేనూ వాళ్ల షాపులో అద్దెకున్నవాడినే. అది నాకు తగలాలని రాశావా? అలాగైతే చుట్టూ తిప్పకుండా సూటిగా చెప్పు. నేను ఏమన్నా సిఫార్సులాగే వినిపిస్తుందన్నావు కాబట్టి, ఇక ఆ విషయంలో ఏమీ అనను.

ఇక్కడి సంగతి మాత్రం చెప్పాలి. మొన్న సాయంత్రం జనం క్వార్టర్ల మీదికి చెప్పులు విసిరారు. ఒకటి నా బోర్డుకి తగిలి 'దంత' అన్న ముక్క ఊడిపోయి 'వైద్యుడు' ఒక్కటే మిగిలింది. అప్పట్నుంచీ కడుపునొప్పివాళ్లు కూడా వస్తున్నారు. నవ్వొచ్చే విషయమే, కానీ నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ గుంపులో ఒకావిడ, రోడ్డు మీద కూర్చున్న నర్సుల్లో ఒకరు, నా దగ్గర పన్ను కట్టించుకున్న మనిషి, నన్ను చూసి ఏమందో తెలుసా?

"మీ అక్కగారు ముందే రాసేశారట కదా డాక్టరుగారూ. ఇక ఈ విచారణలు ఎవరి కోసం?"

నేను మండిపడ్డాను. "మా అక్క గురించి ఆ మాటంటే ఊరుకోను. ఆవిడని వంచగలిగినవాడు పుట్టలేదు" అన్నాను. ఆవిడ నన్ను జాలిగా చూసి వెళ్లిపోయింది. ఆ చూపు నాకింకా అర్థం కాలేదు.

నీ తమ్ముడు


జూలై 30

డాక్టరుగారికి,

మీ ఉత్తరం అందింది. ఆ నర్సు చూపు మీకు అర్థం కాలేదన్నారు. నాకు నిన్న అర్థమైంది.

విచారణలు ముగిశాయని స్పీకరుగారు మా ముగ్గుర్నీ తన గదికి టీకి పిలిచారు. పెద్ద బల్ల, బిస్కెట్లు, గోడ నిండా పాత స్పీకర్ల ఫొటోలు. ఆయన నా పక్కన కూర్చుని, నా మంచి చెవి వైపుకే వంగి, ఎంతో మర్యాదగా అన్నారు.

"మిమ్మల్ని ఎంచుకోవడంలో నేను పొరపాటు చెయ్యలేదమ్మా. నా పంటికి రూట్ కెనాల్ చేస్తూ మీ తమ్ముడుగారు మీ మాట చెప్పారు. చాలీచాలని జీతమిచ్చి పెద్ద కుర్చీలో కూర్చోబెట్టకూడదని. ఎంత గొప్ప మాట! ఆ రోజే అనుకున్నాను, కమిషన్ వేస్తే ఈవిడే అధ్యక్షురాలని."

పొగడ్తగానే అన్నారు. అందులో తప్పుందని కూడా ఆయనకి తోచలేదు. నాకు మాత్రం కుర్చీతో సహా కిందికి దిగిపోతున్నట్టు అనిపించింది. ప్రిన్సిపాలు వైపు తిరిగి, "మిమ్మల్ని కూడా ఇలాగే...?" అన్నాను. ఆయన పోయినేడాది సభ్యుల జీతాలు చాలా తక్కువని ఒక సభలో మాట్లాడాడట. ఆడిటరు అదే సంగతి పేపర్లో రాశాడట. ఏరుకుని తెచ్చారు, ముగ్గుర్నీ.

ఫోన్లు ఎందుకు రాలేదో చూశారా? వాళ్లకి కావలసిన మాట నేను నాకు నేనుగా చెబుతుంటే ఫోన్ ఎందుకు దండగ?

నాకు ఒక్క జవాబు కావాలి. నా మాట ఆయన దగ్గర ఎందుకెత్తారు? మీ షాపు లీజు ఈ ఏడాది పొడిగించారని మరదలు సంతోషంగా రాసింది. ఆ రెండింటికీ సంబంధం ఉందా లేదా? ఉంటే ఉందని రాయండి. లేకపోతే లేదని రాయండి. వేళాకోళాలు వద్దు.

కమిషన్ అధ్యక్షురాలు


ఆగస్టు 5

గౌరవనీయులైన అధ్యక్షురాలికి,

లేదు.

మీరడిగినదానికి అది చాలు. కానీ నా అక్క కూడా ఈ ఉత్తరం చదువుతుందేమోనని మిగతాది రాస్తున్నాను.

అక్కా, నేను పని చేసేటప్పుడు ఎలా ఉంటానో నీకు తెలియదా? అవతలివాడి నోట్లో నా చేతులు రెండూ ఉంటాయి. వాడు మాట్లాడలేడు. భయంతో బిగుసుకుపోయి ఉంటాడు. వాడి భయం పోవడానికి నేనే ఏదో ఒకటి వాగుతుంటాను. వర్షాల గురించి, బావ మొక్కల గురించి, నీ గురించి. నీ గురించే ఎక్కువ. స్పీకరు అయితే ఏంటి, కాంట్రాక్టరు అయితే ఏంటి, నాకు అందరూ తెరిచిన నోళ్లే. మా అక్క ఇంత తెలివైనది, ఇలా అంటుంది అని గొప్ప చెప్పుకున్నాను. అప్పటికి ఈ కమిషన్ ఊసే లేదు. ఆయన "ఆఁ, ఆఁ" అన్నాడు. నొప్పికి అంటున్నాడనుకున్నాను. వింటున్నాడని నాకేం తెలుసు!

లీజు ఆ వరసలో అన్ని షాపులకీ పొడిగించారు. చెప్పులు కుట్టేవాడికీ, జిరాక్స్ వాడికీ కూడా. వాళ్లకి జడ్జి అక్కలు లేరు.

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను అన్నం తినలేదు. మర్నాడు క్లినిక్ ఖాళీ చేశాను. నీకు కావలసింది అదే కదా? కుర్చీ విప్పించి ఇంటికి తెచ్చాను. హాల్లో సగం అదే ఆక్రమించింది. నీ మరదలు దాని మీద కూర్చుని కూరగాయలు తరుగుతోంది, నాతో మాట్లాడటం లేదు. నీతో కూడా మాట్లాడదట.

నువ్వు నన్ను 'మీరు' అన్నావు. పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి.

మీ విధేయుడు,
దంత వైద్యుడు


ఆగస్టు 12

ఒరేయ్ పిడుగూ,

క్లినిక్ ఖాళీ చెయ్యమని నేనెప్పుడు అన్నానురా? ఉప్పు తినడం అన్నది ఆ గుమస్తాల గురించి! నీ గురించి ఎందుకు అనుకున్నావు? అనుకుంటే నన్ను ఒక్క మాట అడగకుండా కుర్చీ ఎందుకు విప్పించావు? నీ ఉత్తరం మీ బావకి చూపించాను. ఆయన, "జీవితమంతా రెండు పక్షాల వాదనా వినందే తీర్పు ఇవ్వనిదానివి, తమ్ముడి విషయంలో మాత్రం తీర్పు రాసేసి ఆ తర్వాత వాదన అడిగావు" అన్నారు. నిజమే. మరదలితో నేనే మాట్లాడుకుంటాను, నువ్వు మధ్యలో దూరకు.

ఇప్పుడు నా సంకటం విను. రాజీనామా చేద్దామని బయల్దేరాను. దారిలో ఆలోచన వచ్చింది. నేను తప్పుకుంటే ఇంకొకర్ని ఏరుకుంటారు, నాలాంటివాళ్లకి కొదవ లేదు. పోనీ జీతం పెంచొద్దని రాద్దామా? అది నా నమ్మకం కాదు. నన్ను వాడుకున్నారన్న కోపంతో నా మనసులో లేనిది రాస్తే, అప్పుడూ నా కలం వాళ్ల చేతిలో ఉన్నట్టే కదా! టీచరమ్మ ఏడ్చిన ఏడుపు అబద్ధం కాదు.

ఆడిటరుతో గంటసేపు వాదించాను.

"మీ అభిప్రాయం మీదే కదా మేడమ్, ఎవరూ మార్చలేదు కదా?" అన్నాడు.

"మార్చలేదు. మార్చనక్కర్లేని మనుషుల్ని వెతుక్కున్నారు."

"ఎవర్ని పెట్టినా ఏదో ఒక అభిప్రాయం ఉంటుంది. అభిప్రాయం లేనివాణ్ని ఎక్కడ తెస్తారు?"

"తేలేం. కానీ ఏరుకునేది ఆ జీతం తీసుకునేవాళ్లు కాకూడదు."

చివరికి ఇలా రాశాను. జీతం కొంత పెంచాలి, కానీ ఇప్పుడున్న సభ్యులకి కాదు, వచ్చే ఎన్నికల తర్వాత వచ్చేవాళ్లకి. భత్యాలు కూడా సమీక్షలోకి రావాలి. ఇకమీదట కమిషన్‌ని సభ ఎంచకూడదు, ముందుకొచ్చిన మామూలు పౌరుల పేర్లలోంచి అందరి ఎదుటా చీటీ తీయాలి. వీటన్నిటికంటే ముందు, మొదటి పేజీలో నేను ఈ కుర్చీలోకి ఎలా వచ్చానో ఉన్నది ఉన్నట్టు రాశాను. రూట్ కెనాల్‌తో సహా. నీ పేరు పెట్టలేదు, 'నా కుటుంబ సభ్యుడు' అన్నాను. నీకు అభ్యంతరమైతే వెంటనే రాయి, తీసేస్తాను.

మిగతా ఇద్దరూ ఆ పేజీ మీద తాము సంతకం పెట్టబోమన్నారు. సరే, అది నా ఒక్కదాని పేరు మీదే వెళుతుంది.

కుర్చీ మళ్లీ ఎక్కడ బిగిస్తున్నావు?

నీ అక్క


సెప్టెంబరు 20

అక్కా,

ఆ పేజీలో నా పేరు కూడా పెట్టమని రాద్దామనుకునేలోపే నివేదిక సభకి వెళ్లిపోయింది. పోనీలే. ఊరంతటికీ తెలిసిపోయింది, ఆ నర్సు నా కొత్త క్లినిక్‌కి వచ్చి మరీ పళ్లు చూపించుకుంది. కొత్త క్లినిక్ కూరగాయల మార్కెట్ పక్క సందులో. గది చిన్నది, గాలి బాగా వస్తుంది. నీ మరదలు మాట్లాడుతోంది, నువ్వు ఏం రాశావో మాత్రం నాకు చూపించదు.

నువ్వు రానన్నావని నేనే సభ చూడటానికి వెళ్లాను. పైన సందర్శకుల గ్యాలరీలో ముందు వరసలో కూర్చున్నాను. అక్కడ నేను చూసింది నమ్మడానికి నాకింకా కష్టంగానే ఉంది.

పొద్దున నీ నివేదిక చర్చకి వచ్చింది. అధికార పక్షం నాయకుడు లేచి, "కమిషన్ మాకు జీతం పెంచమంది. జనం కష్టాల్లో ఉన్నారు. మాకొద్దు! తిరస్కరిస్తున్నాం!" అన్నాడు. ప్రతిపక్షం వాళ్లు కూడా బల్లలు చరిచారు. ఒకళ్లనొకళ్లు కౌగిలించుకున్నారు. గ్యాలరీలో నా పక్కావిడ కళ్లు తుడుచుకుంది. నేను కూడా చప్పట్లు కొట్టానక్కా, సిగ్గు విడిచి చెబుతున్నాను.

అప్పుడు టీచరమ్మ లేచింది. "అధ్యక్షురాలు రాసిన మొదటి పేజీ చదవాలి" అంది. రెండు వాక్యాలు చదివేసరికి మైకు ఆగిపోయింది. ఆవిడ ఆపలేదు. గొంతు పెంచి, బళ్లో పిల్లలకి చెప్పినట్టు చదువుతూనే ఉంది. చుట్టూ అరుపులు. మొదటి పేజీ దాటి 'చీటీ తీయాలి' అన్న ముక్క దాకా నాకు వినపడింది, ఆ తర్వాత వినపడలేదు. ఆవిడ పార్టీవాళ్లే చెయ్యి పట్టి కూర్చోబెట్టారు.

మధ్యాహ్నం జనం ఇళ్లకి వెళ్లిపోయారు. నేను బద్ధకంగా అక్కడే కునుకు తీస్తున్నాను. ఏదో బిల్లు చదివారు, ఎవరూ మాట్లాడలేదు, అందరూ చేతులెత్తారు, అయిపోయింది. నా వెనక కూర్చున్న విలేకరిని అడిగాను, "ఏం బిల్లండీ?" అని.

"భత్యాలు. ఇంటి అద్దె, వాహనం, రోజువారీ ఖర్చు. రెట్టింపు చేసుకున్నారు. మీ అక్కగారు పెంచమన్నదానికంటే ఎక్కువే. అదీ ఈ నెల నుంచే."

నా నోరు తెరుచుకుపోయింది. అందరి నోళ్లూ తెరిపించేవాణ్ని, నా నోరు నేను మూసుకోలేకపోయాను. వద్దన్న పేరూ వాళ్లదే, తీసుకున్న డబ్బూ వాళ్లదే! పెంచమన్నావన్న తిట్లు మాత్రం నీకు.

టీచరమ్మ చెయ్యెత్తలేదు. అది కళ్లారా చూశాను. ఆవిణ్ని పార్టీలోంచి పంపేస్తారంటున్నారు.

బావని పేపరు చదవొద్దను.

పిడుగు


అక్టోబరు 3

పిడుగూ,

మీ బావ పేపరు చదివేశారు. నేను టీచరమ్మని వెళ్లి కలిశాను. పార్టీలోంచి పంపేశారు. ఆ కాంట్రాక్టరు డబ్బు నెలకింత అని తిరిగి కడుతోందట. "ఇప్పుడు చెయ్యి తేలిగ్గా ఉందమ్మా" అని నవ్వింది.

నేను అసలు రాయాలనుకున్నది ఇది. మొన్న రిటైర్డ్ జడ్జీల సంఘం సమావేశం జరిగింది. నన్ను అందరూ మెచ్చుకున్నారు, ఆ మొదటి పేజీ రాసినందుకు. పూలగుత్తి ఇచ్చారు. అక్కడికి న్యాయశాఖ అధికారి ఒకాయన వచ్చాడు. లేచి, "మేడమ్ నిజాయితీ దేశమంతా చూసింది. అందుకే ప్రభుత్వం వేస్తున్న కొత్త కమిషన్‌కి వారినే అధ్యక్షురాలిగా కోరుతున్నాం" అన్నాడు.

"ఏ కమిషన్?" అన్నాను.

"రిటైర్డ్ జడ్జీల పెన్షన్ల సమీక్షండీ. పూర్తి స్వతంత్రంగా."

హాలు దద్దరిల్లింది. అందరూ నిలబడి చప్పట్లు. నాతో పాటు ఇరవై ఏళ్లు పక్క కోర్టు హాల్లో కూర్చున్న పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, "నువ్వుంటే ఇక మనకి దిగుల్లేదమ్మా" అన్నాడు. మనకి! ఆ మాట నా మంచి చెవిలోనే పడింది.

అప్పుడు నాకేమనిపించిందో చెబితే నువ్వు నమ్మవు. కోపం రాలేదు. సిగ్గు కూడా వెంటనే రాలేదు. మన పెన్షను నిజంగానే తక్కువ కదా, మీ బావ మోకాలికి ఆపరేషను చేయించవచ్చు కదా, ఈ పనికి నాకంటే నిజాయితీపరులు ఎవరున్నారు అనిపించింది. ఒక్క నిమిషం పాటు. ఎంత హాయిగా ఉందనుకున్నావు! స్పీకరుగారు నాతో అంత మర్యాదగా, అంత నిర్మలంగా ఎలా మాట్లాడగలిగారో ఆ నిమిషంలో తెలిసింది. ఆయన మొహంలో ఉన్న నవ్వే అప్పుడు నా మొహంలో కూడా ఉండి ఉంటుంది.

లేచి కుదరదన్నాను. పెన్షను తీసుకునేవాళ్లు ఈ కమిషన్‌లో ఉండకూడదు, ఎంచుకునేదీ మనం కాకూడదు, బయటివాళ్ల పేర్లు చీటీలేసి తీయండి అన్నాను. చప్పట్లు ఆగిపోయాయి. పెద్దాయన నా చెయ్యి వదిలేశాడు. "మీరు వాళ్లకి చెబితే బాగుంది, మనకి కూడా చెబుతారా?" అని ఎవరో వెనక నుంచి అన్నారు. కారులో దింపుతామన్నవాళ్లెవరూ కనపడలేదు. బస్సెక్కి ఇంటికి వచ్చాను.

మీ బావకి కమిషన్ వద్దన్నానని మాత్రమే చెప్పాను. ఆ నిమిషం సంగతి చెప్పలేదు. పరుల దగ్గర నా గురించి ఇంత గొప్ప చెప్పుకునేవాడివి కదా, నీకొక్కడికి తెలిసి ఉండాలని రాస్తున్నాను.

ఆదివారం వస్తున్నాను. మార్కెట్ సందులో ఏ షాపు పక్కనో సరిగ్గా రాయి.

నీ
అక్క